పావు అంగుళం సందు

నాపరాయిని నీళ్లు పోసి కోసేటప్పుడు వచ్చే వాసన ఒకసారి ముక్కుకు అలవాటైతే ఇక పోదు. సున్నం వాసన, వేడెక్కిన ఇనుము వాసన, వాటి నడుమ తొలకరి జల్లు పడ్డట్టు కాస్త చల్లదనం. నిన్న ఉదయం కడపలో మా ఇంటి వంటగదిలో మేస్త్రీ కొత్త గట్టుకు బండలు కోస్తుంటే ఆ వాసన హాల్లోకి వచ్చింది. నేను ఆఫీసు పని ముందేసుకుని కూర్చున్నాను. మా కంపెనీ చీనీ తోటలకు, అంటే బత్తాయి తోటలకు, వేళకు డ్రిప్పు నీళ్లు వదిలే కంట్రోల్ పెట్టెలు తయారు చేస్తుంది. పులివెందుల వైపు నుంచి ఒక రైతు, కొన్ని రోజులు నీళ్లు తక్కువ వస్తున్నాయని ఫిర్యాదు చేశాడు. 'పెట్టెలో లోపం లేదు, రైతు సమయం తప్పుగా పెడుతున్నాడు' అని జవాబు రాస్తున్నాను. సగం వాక్యంలో వేళ్లు ఆగిపోయాయి. మా ఆయన రెండుసార్లు పిలిచాడట, నాకు వినపడనేలేదు. నేనప్పటికే కర్నూలు పాత ఊళ్లో, సైకిల్ షాపు మీది మేడగదిలో, ఖాజా సార్ ముందు నిలబడి ఉన్నాను.

ఆయన మీకు తెలిసే అవకాశం లేదు. ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ఆ మేడగదిలో చిన్న వర్క్‌షాపు పెట్టిన మనిషి. బండలు కోసే మిషన్లకు కంట్రోల్ పెట్టెలు చేసేవాళ్లం. మొత్తం మీద అయిదుగురం. చెవిలో పెన్సిలు, దవడన లవంగం, మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా, ఇంతే ఆయన. ఎవరి మీదా గొంతు పెంచగా నేను చూడలేదు. గొంతు పెంచేవాళ్లతో నేను పోట్లాడి గెలవగలను. ఆయనతో మాత్రం ఒక్కనాడూ గెలవలేకపోయాను.

ఇంటర్వ్యూకు పోయిన రోజు ఫైలు నిండా సర్టిఫికెట్లు పెట్టుకుని, తల నిండా నూనె రాసుకుని పోయాను. ఆయన ఫైలు తెరవలేదు. "యా ఊరు బేటా మీది?" అన్నారు. పత్తికొండ అన్నాను. "టమాటాల ఊరు. సరే, ఇది భాగించు" అని ఒక పాత జవాబు పత్రం వెనక వైపు నాలుగంకెల సంఖ్య రాసి, దాని పక్కన పంతొమ్మిది వేసి, పెన్సిలు చేతికిచ్చారు. నాకు ఒళ్లు మండింది. ఇంజనీరింగు చదివినదాన్ని, మూడో తరగతి పిల్లలాగా భాగహారమా. "క్యాలిక్యులేటర్ లేదా సార్?" అన్నాను. "ఉండాది. ఇయ్యను" అన్నారు. కోపంలో గబగబా చేశాను, తప్పింది. ఆయన చూసి, నవ్వకుండా, "తప్పింది బేటా. సరైన జవాబు నాకొద్దు. యాడ తప్పిందో చూపియ్యి" అన్నారు. పది నిమిషాలు వెనక్కు వెతుక్కుంటూ పోయి, తప్పిన మెట్టు మీద వేలు పెట్టాను. ఉద్యోగం ఇచ్చారు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నాకు కళ్లు నెత్తికెక్కాయి. కారణం లేకపోలేదు. మా కొత్త పెట్టెకు ప్రోగ్రాము మొత్తం నేనే రాశాను. బండను ఎంత పొడవుకు కోయాలో ఆపరేటరు అంగుళాల్లో నొక్కుతాడు. బండ చివర ఆనే అడ్డ కమ్మీని ఒక పళ్ల చక్రం ముందుకూ వెనక్కూ జరుపుతుంది. కమ్మీకీ రంపానికీ మధ్య ఎంత దూరముంటే బండ అంత పొడవు తెగుతుంది. చక్రం ఒక పన్ను తిరిగితే కమ్మీ పావు అంగుళం జరుగుతుంది. నొక్కిన కొలతను మోటారు లెక్కలోకి మార్చి, భాగించి, ఎన్ని పళ్లు తిరగాలో చెప్పడం నా ప్రోగ్రాము పని. నేను రాసేది మనుషులు చదవగలిగే భాషలో ఉంటుంది. దాన్ని పెట్టెలోని చిన్న చిప్పుకు అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చే మరో ప్రోగ్రాము ఉంటుంది, దాన్ని కంపైలర్ అంటాం. అది మార్చి ఊరుకోదు. పని తొందరగా అయ్యేందుకు దగ్గరి దారులు కూడా వెతుకుతుంది. ఆ దారుల గురించి మేమెవరం ఆలోచించేవాళ్లం కాదు. ఇంట్లో గోడల్లో ఉన్న కరెంటు తీగల గురించి ఎవరు ఆలోచిస్తారు?

బేతంచెర్లలో శివారెడ్డి అనే ఆయన పాలిష్ ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. మెట్లకు కోసిన బండలు పొట్టిగా వస్తున్నాయని, కొన్నవాళ్లు వెనక్కు పంపుతున్నారని. ఆ మిషను నడిపేది మద్దిలేటన్న. యాభై దాటినవాడు. పాతికేళ్లు గనిలో సుత్తీ ఉలీ పట్టి బండలు చీల్చాడు. నడుము దెబ్బతింటే, బరువులు ఎత్తవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పుడు మిషను నేర్చుకున్నాడు. ఆ వయసులో మీటలు నొక్కడం నేర్చుకున్నది ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే. శివారెడ్డి నాతో ఫోన్లో తేల్చి చెప్పాడు. "తప్పు మిషనుదైతే మీరు బాగు చెయ్యండి. మనిషిదైతే వాన్ని తీసి లోడింగులో వేస్తా. వానికి నడుము బాగలేదని నా బండలు పోగొట్టుకోను గదా."

రెండుసార్లు పోయాను. రెండుసార్లూ మిషను ఆపి, నా ల్యాప్‌టాప్ తగిలించి, తనిఖీ ప్రోగ్రాము ఎక్కించాను. అది నా అసలు ప్రోగ్రామే, కాకపోతే లోపల జరిగే ప్రతి లెక్కనూ తెర మీద చూపిస్తుంది. ముప్పై ఒక అంగుళాలు నొక్కమన్నాను. బండ సరిగ్గా ముప్పై ఒకటి వచ్చింది. పంతొమ్మిది నొక్కమన్నాను. పంతొమ్మిదే వచ్చింది. మద్దిలేటన్న తన కొలకర్ర పెట్టి చూసి, మళ్లీ చూసి, "నిన్న ఇట్ల రాల్యా మేడమ్" అన్నాడు. "మరి ఈ పొద్దు ఎట్లొచ్చింది?" అన్నాను. ఆ అడగడంలో నా గొంతులో ఉన్న వెటకారం ఇప్పటికీ నా చెవికి వినపడుతుంది. ఆయన చేతులు తువాలుకు తుడుచుకున్నాడు. శివారెడ్డి నన్ను షెడ్డు వెనక్కు తీసుకుపోయాడు. గోడకు ఆనించి పదిహేడు బండలు, ముఖాలు బయటికి పెట్టి, వరసగా ఉన్నాయి. "చూడు మేడమ్, చెడగొట్టినవన్నీ ఈడ దాచిపెట్టినాడు" అన్నాడు. చూశాను. ఒక్క బండనైనా తిప్పి చూడలేదు. అసలు ప్రోగ్రాము మళ్లీ ఎక్కించేసి, అక్కడే కూర్చుని రిపోర్టు రాశాను: మిషనులో లోపం లేదు, ఆపరేటరు కొలతలు తప్పుగా నొక్కుతున్నాడు. శివారెడ్డి అందరికీ వినపడేటట్లు చదవమంటే, పనివాళ్లు పదిమంది నిలబడి ఉండగా చదివాను. సోమవారం నుంచి మద్దిలేటిని లోడింగుకు పంపుతానన్నాడు. నేను చేతులు దులుపుకుని సాయంత్రం రైలెక్కాను.

మర్నాడు గురువారం. ఖాజా సార్ రిపోర్టు చదివి బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించారు.

"నువ్వు చూసిన మిషనూ, ఆయన నడిపిన మిషనూ ఒకటేనా బేటా?"

"ఒకటే సార్. ఆ షెడ్డులో ఉండేదే ఒక మిషను."

"పెట్టెలో ప్రోగ్రాము?"

"తనిఖీది ఎక్కించాను సార్. కానీ రెండూ ఒకటే, చూపించే వరసలు తప్ప..."

"అంటే నువ్వు పోయి నీ మిషను చూసి, ఆయన్ని తప్పుపట్టి వచ్చినావు" అన్నారు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

శుక్రవారం నాతో పాటు ఆయనే వచ్చారు. ఆ రోజు బేతంచెర్లలో ఫ్యాక్టరీలకు కరెంటు సెలవు, మిషను తిరగదు. నాకు అది తెలిసి, పోయి ఏం లాభం సార్ అన్నాను. "మిషను తిరగకపోతే మనిషి మాట్లాడడా?" అన్నారు. మధ్యాహ్నం అక్కడి మసీదులోనే నమాజు చేసుకుని, ఫ్యాక్టరీకి వచ్చి, మద్దిలేటన్న పక్కన బండల మీద కూర్చున్నారు. "చెప్పప్పా. ఏం జరుగుతాండాదో నువ్వు చెప్పు."

మద్దిలేటన్న లేచి, మమ్మల్ని షెడ్డు వెనక్కు తీసుకుపోయి, మొదటి బండను ఇవతలికి తిప్పాడు. అడుగు వైపు ఎర్ర పెయింటుతో 31 అని, దాని కింద పావు అని రాసి ఉంది. రెండోది తిప్పాడు. 19, పావు. మూడోది మళ్లీ 31. పదిహేడూ తిప్పాడు. నడుం పట్టుకుని మరీ తిప్పాడు.

"దాచిపెట్టింది కాదు సామీ" అన్నాడు. "ఎవరన్నా అడుగుతారేమోనని పెట్టినా. ఇరవై నాలుగు నొక్కితే ఎప్పుడూ తప్పల్యా. ఇరవై రెండు నొక్కినా తప్పల్యా. ఈటికే తప్పుతాండాది. తప్పితే పావే."

నేల చీలితే బాగుండునని పుస్తకాల్లో చదివినప్పుడు అతి అనుకునేదాన్ని. ఆ పూట అనుకోలేదు. సార్ నా వైపు తిరిగి మెల్లగా అన్నారు. "మనిషి తప్పు ఒకోరోజు ఒకో తీరుగా ఉంటాది బేటా. ఇది ప్రతిసారీ ఒకే తీరు." శివారెడ్డి మాత్రం ఒప్పుకోలేదు. "వాడు రాసుకున్నదాన్నే నమ్మమంటారా సార్? సోమవారం పొద్దున దాకా ఆగుతా. మిషనులో తప్పుందని చూపియ్యండి" అని, ఆ సాయంత్రమే కుటుంబంతో శ్రీశైలం పోయాడు.

శనివారం వర్క్‌షాపులో ఇంకో పెట్టెకు, ఫ్యాక్టరీలకు ఇచ్చే అసలు ప్రోగ్రామే ఎక్కించాం. ముప్పై ఒకటి నొక్కితే నూట ఇరవై నాలుగు పళ్లు తిరగాలి. నూట ఇరవై మూడు తిరిగి ఆగింది. తనిఖీ ప్రోగ్రాము ఎక్కించి నొక్కాను, నూట ఇరవై నాలుగు. నేను చూస్తున్నంతసేపూ బుద్ధిగా ఉండి, చూపు తిప్పితే తప్పు చేసేది నా ప్రోగ్రామే. శివారెడ్డికి ఫోన్ చేస్తే అడవి దారిలో ఉన్నాడేమో, కలవలేదు. నా ప్రోగ్రాము వరస వరసా చదివాను. తప్పు కనపడలేదు. ఇక మిగిలింది కంపైలరే. "అది తప్పు చేయదు సార్, ఎంతోమంది వాడతారు" అన్నాను. "చేస్తుందని నేను అనల్యా. చేసిందో లేదో చూద్దామంటాండా" అన్నారు.

కంపైలర్ చిప్పుకు ఇచ్చిన ఆజ్ఞలను రెండు కాగితాల మీద ప్రింటు తీశాం. చూస్తే భాగహారమే లేదు. చిన్న చిప్పుకు భాగించడం ఎంతో సేపు పట్టే పని. అందుకని కంపైలర్ ఒక దగ్గరి దారి పట్టింది. ముందే ఎంచిపెట్టుకున్న ఒక పెద్ద సంఖ్యతో గుణించి, వచ్చినదాంట్లో కింది అంకెలు వదిలేస్తే, మిగిలినవే భాగహారం జవాబు అవుతాయి. గణితంలో అది సరైన దారే. తనిఖీ ప్రోగ్రాములో ప్రతి లెక్కనూ చూపించమని అడుగుతాం కాబట్టి అక్కడ మాత్రం దగ్గరి దారి మానేసి మామూలుగా భాగించింది. అందుకే నేను పోయినప్పుడల్లా మిషను సరిగ్గానే కోసింది.

"నేను చదువుతా. నువ్వు చిప్పు" అన్నారు సార్. "చిప్పుకు బుర్ర లేదు. నీది గూడా కొంచెంసేపు పక్కన పెట్టు. నీకు కష్టమేం కాదులే."

ఆయన ఒక్కో ఆజ్ఞ చదవడం, నేను పెన్సిలుతో చేయడం. ఆ పెద్ద గుణకారాన్ని చిప్పు ముక్కలుగా చేసి కలుపుతుంది. ఒకసారి అంతా చేసేసరికి గంట పట్టింది. జవాబు నూట ఇరవై నాలుగు. మళ్లీ చేశాం. మళ్లీ నూట ఇరవై నాలుగే. కాగితం మీద ఒప్పు, పెట్టెలో తప్పు. నాకు ఏడుపొచ్చింది. సోమవారం లారీ పక్కన ఆ నడుముతో నిలబడే మనిషే కళ్ల ముందు కనపడుతున్నాడు. సార్ కింద నుంచి టీ తెప్పించి, తాగనిచ్చి, మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఎదురుగా కూర్చోకుండా నా వెనక నిలబడి, నా చేతినే చూస్తూ చదివారు.

"ఆగు" అన్నారు నడుమలో. "ఆ ఒకటి ఎవరు వేయమన్నారు?"

"ఏ ఒకటి సార్?"

"చిన్నగా పైన పెట్టినావు చూడు."

చూశాను. కింది ముక్కలు కూడితే మొత్తం ఆ చోట పట్టలేదు. పట్టనప్పుడు పై స్థానానికి ఒకటి తీసుకుపోవాలి కదా. తీసుకుపోయాను. బడిలో నేర్పిన నాటి నుంచి చేస్తున్న పనే. నన్ను అడగకుండానే నా చెయ్యి వేసేసింది.

"నేను చదివినానా అది?" అన్నారు. మళ్లీ ఆ వరస చదివారు. ఆ చిప్పులో కూడికకు రెండు ఆజ్ఞలు ఉన్నాయి. కింది నుంచి వచ్చే ఒకటిని కలుపుకుని కూడమనేది ఒకటి, దాన్ని పట్టించుకోకుండా కూడమనేది ఒకటి. అక్కడ మొదటిది ఉండాలి. కంపైలర్ రెండోది పెట్టింది. చాలా కొలతలకు కింది కూడికలో ఒకటి మిగలదు కాబట్టి ఇబ్బంది లేదు. ఇరవై నాలుగుకు మిగలదు, ఇరవై రెండుకు మిగలదు. పంతొమ్మిదికీ ముప్పై ఒకటికీ మిగులుతుంది. ఆ మిగిలిన ఒకటి జారిపోయి, చక్రం ఒక పన్ను తక్కువ తిరిగి, బండ పావు అంగుళం పొట్టిదవుతుంది. నా చిన్న ఒకటి చెరిపేసి మిగతాది చేశాను. నూట ఇరవై మూడు వచ్చింది. తప్పు జవాబు వచ్చినందుకు అంత సంతోషం నాకు జీవితంలో మరెప్పుడూ కలగలేదు. కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను.

సార్ లవంగం నోట్లో వేసుకుని, నా పాత రిపోర్టు తీసి ఆ కాగితం పక్కన పెట్టారు. "ఈ ఒకటి వేసినట్లే, ఇది గూడా నువ్వే వేసినావు బేటా. తప్పు నొక్కినానని ఆయన చెప్పల్యా. మిషనూ చెప్పల్యా." నేను కూర్చున్నాను.

ఆ దగ్గరి దారి పట్టవద్దని కంపైలరుకు చెప్పి కొత్తగా తయారు చేయడానికి అరగంట కూడా పట్టలేదు. మా పెట్టెలున్న ప్రతి ఫ్యాక్టరీకీ ఆయనే స్వయంగా ఫోన్ చేసి, తప్పు మాదని చెప్పారు. కంపైలర్ కూడా చిప్పు కంపెనీ ఇచ్చిందే కాబట్టి వాళ్లకు రాశాం, తరువాతి కూర్పులో సరిచేస్తామని చాలా రోజులకు జవాబు వచ్చింది. అవన్నీ తేలిక పనులు. కష్టమైనది సోమవారం. "శివారెడ్డికి ఫోన్లో చెప్పేస్తాను సార్" అన్నాను. "మొన్న ఫోన్లో చదివినావా రిపోర్టు?" అన్నారు.

పొద్దున మొదటి రైలుకే పోయాను. అప్పటికే లారీ వెనక్కు తీసి పెట్టారు. మద్దిలేటన్న తువాలు మడిచి భుజాన వేసుకుని, బండ కోసం చేతులు చాచి నిలబడి ఉన్నాడు. శివారెడ్డి గుండు చేయించుకుని అప్పుడే వచ్చాడు. ఆ పదిమందీ ఉన్నారు. అందరికీ వినపడేటట్లు చెప్పాను. తప్పు మిషనుది, ఆయన రాసి పెట్టిన ప్రతి అక్షరం నిజం, రిపోర్టులో తప్పు నాది. కొత్త ప్రోగ్రాము ఎక్కించి, ల్యాప్‌టాప్ తీగ పీకేసి, సంచిలో పెట్టేసి, "ఇప్పుడు నొక్కన్నా" అన్నాను. ముప్పై ఒకటి నొక్కాడు. కొలకర్ర పెట్టి చూశాడు. తలూపాడు. శివారెడ్డి లారీ దగ్గరికి ఇంకొకరిని పిలిచాడు.

నేను పోబోతుంటే మద్దిలేటన్న అన్నాడు. "ఆ పొద్దే అడిగింటే బాగుండు పాపా. నిన్నంతా నా పెండ్లాము అన్నం తినల్యా." కోపం లేదు ఆ మాటలో. నేను రైలు కిటికీ దగ్గర కూర్చుని కర్నూలు దాకా ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేం.

ఆ పదిహేడు బండల్లో ఒకదాన్ని మద్దిలేటన్న మా సారుకు పంపాడు. ఆయన దాన్ని రెండు ఇనుప కాళ్ల మీద పెట్టి, చివరిదాకా దాని మీదే పని చేసుకున్నారు. కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా ఇది ఏమిటి సార్ అంటే, "ఈశ్వరి మేడమ్‌ను అడుగు" అనేవారు. చెప్పక తప్పేది కాదు. రెండేళ్ల కిందట ఆయన పోయారు. నెల తరువాత ఆయన కూతురు ఫోన్ చేసి, "అక్కా, ఆ బండ నీకే ఇమ్మని అబ్బా చెప్పినాడు" అంది. ఇన్నాళ్లూ మా మెట్ల కింద పడి ఉంది. నిన్న వంటగట్టు చివర వేయమని మేస్త్రీకిచ్చాను.

"మేడమ్" అని వంటగది నుంచి మేస్త్రీ పిలుపు. పోయి చూశాను. బండ వేశాడు. గోడకూ దానికీ మధ్య సన్నటి సందు. "ఈ బండ పావించి పొట్టి ఉండాది మేడమ్. తెల్ల సిమెంటు పెట్టి పూడ్చేస్తా."

"వద్దు. ఉండనీ."

"పిండి పడ్తాది, చీమలు పడ్తాయి."

"పడనీ అన్నా."

నన్నొక రకంగా చూసి, సిమెంటు తట్ట పక్కకు జరిపాడు. తిరిగి వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. సగం వాక్యం అలాగే ఉంది: రైతు సమయం తప్పుగా పెడుతున్నాడు. ఎవరు వేయమన్నారు ఇది? ఆయన తోటలో పెట్టెను కాదు, మా ఆఫీసు బల్ల మీది పెట్టెను చూసి రాస్తున్నాను. వాక్యం చెరిపేసి, ఫిర్యాదులో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. అవతల మోటారు చప్పుడు, కుక్క అరుపు, తరువాత ఒక మగ గొంతు.

"నేను పెట్టె కంపెనీ నుంచి. ఏం జరుగుతాండాదో నువ్వు చెప్పప్పా" అన్నాను.

మోటారు చప్పుడు ఆగింది. తరువాత ఆయన అన్నాడు. "అన్నీ షెడ్డు గోడ మీద రాసి పెట్టినా మేడమ్. ఇన్నాళ్లకు అడిగినారు. యాడ నుంచి చదవమంటారు?"

"మొదటి నుంచి" అని, పెన్సిలు తీసుకున్నాను.